మా అమ్మాయి చెయ్యని తప్పులు

పది వారాలుగా సాయంత్రాలు కూర్చుని నేను దిద్దిస్తున్న తప్పులు మా అమ్మాయి చేసినవి కావని నాకు అమలాపురంలో, ఒక టీ దుకాణం బల్ల మీద తెలిసింది. శనివారం, పన్నెండు దాటింది. బల్ల మీద ఎడమవైపు కోచింగ్ సెంటరు వాళ్ళు ప్రింటు తీసి ఇచ్చిన రెండు కాగితాలు, కుడివైపు మా అమ్మాయి నోటుపుస్తకం. రెండూ ఒకే మోడల్ పరీక్షకి సంబంధించినవి. కాగితాల ప్రకారం తను నూట అరవై ప్రశ్నల్లో నలభై ఒకటి తప్పింది. పుస్తకంలో రాసుకున్న తప్పులు ఇరవై ఆరు. తక్కువ చేసి చెప్పిందనుకున్నాను మొదట. పిల్లలు అలా చెయ్యడం ఎరగనిది కాదు. కానీ ప్రశ్నల నంబర్లు ఒక్కొక్కటే సరిచూడడం మొదలుపెట్టాక సంగతి అది కాదని అర్థమైంది. పుస్తకంలో ఉన్న ఇరవై ఆరు ప్రశ్నలకీ తను ఆ మోడల్ పరీక్షలో సరైన జవాబే పెట్టింది. తప్పిన నలభై ఒకటిలో ఒక్కటి కూడా పుస్తకంలో లేదు.

ఒకటో రెండో తేడా వస్తే పొరపాటు అనుకోవచ్చు. ఒక్కటీ కలవకపోవడం పొరపాటున జరగదు. దానికి ఎవరో ఒకరు కూర్చుని, ఏరి, జాగ్రత్తగా రాయాలి.

టీ మీద మీగడ కట్టింది. దుకాణం ఆయన గ్లాసు కేసి చూసి ఇంకోటి పెట్టమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఒకప్పుడు ప్రూఫు దిద్దేటప్పుడు చేసినట్టే, ఈసారి చివరి నుంచి మొదటికి సరిచూశాను. అలా చూస్తే మనసు ముందే ఊహించుకోవడానికి వీలుండదు. ఫలితం మారలేదు.

నేను పత్రికలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. మొదటి నాలుగేళ్ళు రాజమండ్రిలో డెస్కు మీద, ఆ తర్వాతంతా కోనసీమలో విలేకరిగా. కాలువల్లో పూడిక, కొబ్బరి ధర, గ్యాసు పైపులైను వేసిన చేలు, ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల నీళ్ళు, వరదొస్తే లంకలు. ఇవే నా వార్తలు. పని మానేసి నాలుగేళ్ళయింది. మా ఇల్లు మామిడికుదురు దగ్గర, రోడ్డు పక్కనే. నా భార్య పక్క ఊరి ప్రభుత్వ బడిలో టీచరు. మాకు ఆలస్యంగా పుట్టిన ఒక్కతే కూతురు.

తనకి పశువైద్యం చదవాలని పదేళ్ళప్పుడే పడింది. మా అత్తగారి ఊరు కపిలేశ్వరపురం వైపు, గోదావరి ఒడ్డున. ఒక వేసవి సెలవల్లో మేం అక్కడున్నప్పుడు లంకలో ఒక గేదె ఈనలేక పొద్దుటి నుంచి పడిపోయి ఉంది. పశువుల డాక్టరమ్మగారు పడవ దాటి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గేదె బతికింది, దూడ బతకలేదు. ఆవిడ భుజం దాకా ఉన్న రబ్బరు తొడుగు తీసేసి, గోదాట్లో చేతులు కడుక్కుంటూ, ఒక్క గంట ముందు పడవ దొరికితే రెండూ దక్కేవని అన్నారు. మా అమ్మాయి ఆవిడ పక్కనే మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వింది. ఆ తర్వాత ఏం చదువుతావని ఎవరడిగినా ఒకటే జవాబు చెప్పేది.

ఇంటరు అయిన ఏడాది రాసిన ప్రవేశ పరీక్షలో తనకి వచ్చిన ర్యాంకుకి సీటు రాలేదు. ఇంకొక్క ఏడాది చదువుతానని తనే అడిగింది. అప్పటికీ రాకపోతే అమలాపురంలో డిగ్రీలో చేరిపోతానని కూడా తనే అంది. ఆ గడువు మేం పెట్టింది కాదు. అందుకే ఆ ఏడాది మా ఇంట్లో ఏ మాట మొదలైనా అక్కడికే వచ్చి ఆగేది. ఈసారి సీటు రావాలి. మూడోసారి లేదు.

తప్పుల పుస్తకం ఆలోచన నాది. రాజమండ్రి డెస్కులో మా ఇన్‌చార్జి ఒకాయన ఉండేవారు. పొద్దున్న పత్రిక వచ్చాక అందులో పోయిన తప్పులన్నీ ఒక పొడుగాటి రిజిస్టరులో రాయించేవారు. ఎవరి తప్పు వాళ్ళే, సొంత చేత్తో. తప్పూ ఒప్పూ రాసి సరిపెడతానంటే ఒప్పుకునేవారు కాదు. ఎందుకు పోయిందో రాయమనేవారు. తప్పేమిటో పాఠకుడు కూడా చెప్పగలడు, ఎందుకో మాత్రం మీరే చెప్పాలి అనేవారు. ఆయన లెక్కలో కారణాలు మూడే. తెలియక, తొందరలో, అనుకుని. అనుకుని అంటే సరిచూడకుండా, ఇలాగే ఉంటుందిలే అని అనుకోవడం. మొదటి రెండింటికీ ఆయన కోప్పడేవారు కాదు. మూడోది రాస్తే మాత్రం రిజిస్టరు మూసి, కళ్ళజోడు తీసి, కాసేపు మన మొహం కేసి చూసి పంపించేవారు. తిట్టు తినడమే నయమనిపించేది.

నాకు విలేకరి పని నేర్పింది ఆ రిజిస్టరే అని ఇప్పటికీ అనుకుంటాను. మా అమ్మాయి వారం వారం మోడల్ పరీక్షలు రాస్తూ, మార్కులు చూసుకుని, తప్పినవాటికి సరైన జవాబు ఒకసారి చదువుకుని పక్కన పెట్టేస్తుంటే చూసి ఊరుకోలేకపోయాను. పెద్ద రూళ్ళ పుస్తకం ఒకటి కొని, నాలుగు గళ్ళు గీసి ఇచ్చాను. ప్రశ్న, నువ్వు పెట్టిన జవాబు, అసలు జవాబు, ఎందుకు. నాలుగో గడిలో మూడు కారణాల్లో ఒకటి రాసి, దాని కింద ఒక వాక్యం. రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా వరండాలో కూర్చుని ఇద్దరం ఆ పుస్తకం చూడాలి. ఏ తప్పు మళ్ళీ మళ్ళీ వస్తోందో దాని మీద మర్నాడు పని చెయ్యాలి.

మొదటి వారాల్లో అది చాలా చప్పటి పుస్తకం. సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చకుండా లెక్క చేసేసింది, తొందర. మళ్ళీ అదే, తొందర. మందార కుటుంబం లక్షణాలు వంగ కుటుంబానికి రాసింది, తెలియక. కొట్టివేతలు, చెరిపిన మరకలు, ఒక చోట విసుగెత్తి కాగితం చిరిగేలా గీసిన గీత. మార్కులు నూట అరవైకి తొంభై ఒకటి. నాకు మాత్రం సంతోషంగానే ఉండేది. తప్పులు ఇన్ని దొరుకుతున్నాయంటే దిద్దుకోవడానికి ఇంత ఉందని అనేవాణ్ణి. తను తలూపేది.

ఇక్కడ మా చర్చి సంగతి చెప్పాలి. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె పెడతారు. మనవులున్నవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. పాటలయ్యాక పాస్టరమ్మగారు ఒక్కొక్క చీటీ తీసి మైకులో చదువుతారు, అందరూ దాని కోసం ప్రార్థిస్తారు. చీటీల్లో మామూలుగా రెండు ముక్కలే ఉంటాయి. మోకాళ్ళ నొప్పి. కువైట్ వీసా. పిల్లల చదువు. పేర్లు రాయరు. ఎవరి బాధ ఎవరిదో దేవుడికి తెలుస్తుంది, మిగతావాళ్ళకి అక్కర్లేదన్నది ఆ పద్ధతిలో ఉన్న మర్యాద.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నేనూ చీటీ వేశాను. ముప్పై ఏళ్ళు వార్తలు రాసినవాణ్ణి, రెండు ముక్కలతో సరిపెట్టుకోలేకపోయాను. వివరం లేని వార్త వార్త కాదని కుర్రవిలేకరులకి నేనే చెప్పేవాణ్ణి. ఏం రాశానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "మా కుమార్తె పశువైద్య ప్రవేశ పరీక్షకు రెండవసారి సిద్ధమవుతోంది. ప్రస్తుతం నూట అరవైకి తొంభై ఒక్క మార్కులు. భౌతికశాస్త్రంలో ప్రమాణాలు మార్చేచోట తొందరపాటు, మొక్కల కుటుంబాలలో తికమక ఉన్నవి. ఈ రెండు బలహీనతలు తొలగునట్లు ప్రార్థించగలరు."

పాస్టరమ్మగారు దాన్ని ఎక్కడా తడబడకుండా చదివారు. మా చర్చి మైకుకి బయట కొబ్బరిచెట్టుకి కట్టిన హారను ఒకటి ఉంది. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి కూడా వినిపిస్తుంది. అందరూ కళ్ళు మూసుకుని, భౌతికశాస్త్రం కోసం, మొక్కల కుటుంబాల కోసం గొంతెత్తి ప్రార్థించారు. పాటలు పాడే అమ్మాయిల వరసలో, చేతిలో గిలకల కంజీరతో మా అమ్మాయి నిలబడి ఉంది. నేను అటు చూశాను. తల వంచుకుని ఉంది. ప్రార్థన కదా అనుకున్నాను.

అయ్యాక పాస్టరమ్మగారు నా దగ్గరికి వచ్చి, చీటీ అంటే అలా ఉండాలండీ, ఏం అడుగుతున్నామో స్పష్టంగా ఉంది అన్నారు. నాకు గొప్పగా అనిపించిందని ఒప్పుకోవాలి.

ఆ మర్నాటి నుంచి పుస్తకం మారింది. మారిందని నేను గమనించాను. బాగుపడిందనుకున్నాను. కొట్టివేతలు తగ్గాయి. చేతిరాత కుదురుగా వచ్చింది. నాలుగో గడిలో ఒక్క మాట ఉండేచోట రెండు మూడు వాక్యాలు వచ్చాయి. ఒకటి చెప్తాను. కప్ప గుండెలో గదులు ఎన్ని అన్న ప్రశ్నకి నాలుగు అని పెట్టినట్టు రాసి, ఎందుకు అన్నచోట ఇలా రాసింది. "మూడని తెలుసు. జవాబు నొక్కేముందు ఎందుకో నా గుండె చప్పుడు వినిపించింది. నా గుండె గదులు లెక్కపెట్టి నొక్కేశాను." అది చదివి నేను ఆ పుస్తకాన్ని కాసేపు ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఇంత నిజాయితీగా తప్పు ఒప్పుకున్న వాక్యం మా రిజిస్టరులో కూడా చూడలేదని తనతో అన్నాను. తను కొంచెం నవ్వింది.

మార్కులు కూడా పెరుగుతూ వచ్చాయి. నూట ఏడు, నూట పద్దెనిమిది, నూట ముప్పై నాలుగు. తను చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. ఏ కలెక్టరేట్ గుమస్తా చెప్పిన అంకెనీ ఇంకో చోట అడగకుండా నేను వార్తలో పెట్టలేదు. ఇంట్లో చెప్పిన అంకెకి రెండో ఆధారం అడగాలని తోచలేదు. అడిగుంటే మాత్రం ఏ తండ్రి అనిపించుకునేవాణ్ణి.

పరీక్ష ఇంకో మూడు వారాలుందనగా, ఆ శనివారం, పుస్తకం సంచిలో పెట్టుకుని సెంటరుకి వెళ్ళాను. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఈ పద్ధతి మిగతా పిల్లలకీ పనికొస్తుందని అక్కడి డైరెక్టరు గారికి చూపించాలనిపించింది. మా అమ్మాయి పైన క్లాసులో ఉంది. డైరెక్టరు పుస్తకం తిరగేసి చాలా మెచ్చుకున్నారు. మీ అమ్మాయి ఎక్కుతోందండి, పర్లేదు అన్నారు. పర్లేదు అన్న మాట కొంచెం తక్కువగా తోచింది గానీ, సెంటర్ల వాళ్ళు పొగడ్త దాచుకుంటారనుకున్నాను. ఆయనే ఒక ఉపాయం చెప్పారు. పుస్తకంలో మంచి పేజీ ఒకటి, పక్కన అదే పరీక్ష కంప్యూటరు రిపోర్టు, రెండూ కలిపి పెద్దది చేసి మెట్ల దగ్గర గోడకి పెడదాం, పిల్లలు చూసి నేర్చుకుంటారు అని. పేరు కనిపించకుండా పెడదామండి అని కూడా అన్నారు. రిపోర్టు ప్రింటు తీయించి నా చేతికిచ్చారు. ఏ పేజీ బాగుంటుందో ఎంచుకుని వస్తానని నేను టీ దుకాణానికి వెళ్ళాను.

ఒంటిగంటకి క్లాసు విడిచారు. ఇద్దరం ఎప్పట్లాగే బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని తను బాటనీ పుస్తకం తీసింది. దారిలో ఎక్కడో కొబ్బరికాయలు వలిచేచోట బస్సు చాలాసేపు ఆగింది. ట్రాక్టరు అడ్డం ఉంది. అంతసేపూ నా సంచిలో ఏముందో తనకి తెలియదన్న సంగతే ఆలోచిస్తున్నాను. ఆ పది వారాల్లో తనకి తెలిసి నాకు తెలియనిది ఒకటుంది. ఇప్పుడు ఒక్క గంట సేపు తిరగబడింది. అందులో సుఖమేమీ లేదు.

భోజనాలయ్యాక వరండాలో బల్ల మీద కాగితాలూ పుస్తకమూ పక్కపక్కన పెట్టి పిలిచాను. వచ్చి నిలబడే చూసింది. కూర్చోలేదు.

"సెంటరుకెళ్ళేరా డాడీ?"

"వెళ్ళేను. ఇవి నీ తప్పులు కావు."

"ఆయ్. కావండి."

భయపడి దాచుకునే మనిషి అనే ఆయ్ కాదది. ఎప్పటినుంచి అని అడిగాను.

"చీటీ చదివిన శుక్రవారం నుంచి."

ఏ చీటీ అన్నాను. నటన కాదు, నిజంగానే గుర్తు రాలేదు. తను నా మొహం కేసి చూసింది. మా ఇన్‌చార్జి కళ్ళజోడు తీసి చూసినట్టే ఉందా చూపు. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిన వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట విని నాకే తర్వాత సిగ్గేసింది. వృత్తిలో ఎవరైనా వచ్చి నిలదీస్తే ముప్పై ఏళ్ళూ చెప్పిన మాటే అది.

"పేరు రాయలేదు కదమ్మా."

"పేరెందుకండీ? మన చర్చిలో పశువుల డాక్టరు పరీక్ష రెండోసారి రాసేది ఎంతమంది? నేనొక్కదాన్నే."

లోపల కత్తిపీట మీద కొబ్బరి కోరుతున్న చప్పుడు ఆగింది. మిగతాది నా భార్య చెప్పింది, పీట మీంచి లేవకుండానే. చీటీ చదివిన మర్నాడు ఆటోలో ముక్కూమొహం తెలియని ఆవిడ, మొక్కల కుటుంబాలు కుదిరేయా అమ్మా అని ప్రేమగా అడిగిందట. కొబ్బరి వలిచేవాళ్ళ దగ్గర ఒక పెద్దాయన మీటర్లు జాగ్రత్తమ్మా అన్నాడట. పాటల వరసలో అమ్మాయిలు తనకి తొంభై ఒకటి అని పేరు పెట్టారు. తొంభై ఒకటీ, ఆ మైకిలా ఇయ్యవే అనేవారట. దేవుడికి ముందు మనం బాటనీ చెప్పాలే, అప్పుడు గానీ ఆయనకి ప్రార్థన అర్థం కాదని వాళ్ళల్లో ఒకమ్మాయి అంటే వరసంతా నవ్వింది. అందరూ మంచివాళ్ళే. ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. వాళ్ళందరూ మా అమ్మాయి కోసం ఉపవాసం ఉన్నవాళ్ళు. అందుకని కోప్పడడానికి కూడా తనకి ఎవరూ దొరకలేదు. నేను తప్ప.

మరి నాతో ఒక్క మాట అనొచ్చు కదా అన్నాను, ఇద్దరినీ కలిపి.

"మీతో అంటే శుక్రవారానికి మైకులో ఉంటదండీ," అంది నా భార్య.

తను నవ్వకుండానే అంది. అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా చాలాసార్లు నడిచిందని దాన్నిబట్టి తెలిసింది. టీ దుకాణంలో తగిలిన దానికన్నా ఇది గట్టిగా తగిలింది. ఒకరు దాచారనుకున్నాను. ఇల్లంతా దాచింది.

అసలు తప్పులు ఎక్కడ రాసుకుంటున్నావని అడిగాను. తను వంటింటి వైపు చూసింది. నా భార్య బడికి తీసుకెళ్ళే సంచిలో ఇంకో పుస్తకం ఉంది. మా అమ్మాయి సెంటరుకి వెళ్ళేముందు పొద్దున్న గంటసేపు, ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంకాసేపు, తల్లీకూతుళ్ళు దాంతోనే పనిచేస్తున్నారు. గళ్ళు అవే. కారణాలూ ఆ మూడే. పద్ధతి నాదే, నేను లేను.

నాకు చూపించిన పుస్తకంలో ఒక్కటైనా నిజమైనది రాయకపోయావా అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు. ఒక్కటి ఉంటే చాలుననిపించింది.

"ఒక్కటి కూడా ఇవ్వకూడదనుకున్నానండి."

"మరి రోజూ ఈ గంట? పరీక్ష పెట్టుకుని, వచ్చినవే మళ్ళీ నాతో కూర్చుని చదివేవు కదా."

"ఆ గంట మీకిచ్చేసేను డాడీ. మీకు బాగుంటుంది కదా అని."

తర్వాత తనే అడిగింది, సెంటరుకి ఎందుకెళ్ళేరని. అబద్ధం చెప్పడానికి వీలుంది. ఫీజు రసీదు కోసమని అనొచ్చు. చెప్పలేదు. గోడ సంగతి, పేజీ ఎంచుకోవడం, పేరు కనిపించకుండా పెడదామన్న మాట, అన్నీ చెప్పాను. తను పుస్తకం మూసి బల్ల మీద తిన్నగా సర్దింది.

"ఈసారి గోడకా," అని లోపలికి వెళ్ళిపోయింది.

నన్ను మోసం చేసినవాళ్ళని పనిలో చాలామందిని చూశాను. తూము కట్టకుండానే కట్టేశామని చూపించిన కాంట్రాక్టర్లు, వరద నీళ్ళలో నిలబడి నీళ్ళు లేవని చెప్పిన ఆఫీసర్లు. వాళ్ళ మీద కోపం ఆ రోజు వార్తతో పోయేది. ఇది పోలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు. దాని మీద అంత పనితనం పెట్టినందుకు. ఆ కప్ప గుండె వాక్యం రాయడానికి తను ఎంతసేపు కూర్చుని ఉంటుంది. నేను దేనికి మెచ్చుకుంటానో తనకి బాగా తెలుసు, దానికి తగ్గట్టు తప్పులు తయారుచేసి ఇచ్చింది. నిజమైన తప్పులు అంత అందంగా ఉండవని డెస్కులో నాలుగేళ్ళు కూర్చున్నవాడికి తెలియాలి. తెలియలేదంటే, మా ఇన్‌చార్జి లెక్కలో అది మూడో రకం. అనుకుని.

ఆయన గురించి ఇంకో సంగతి ఆ రాత్రి కాదు, రెండు మూడు రోజుల తర్వాత, సైకిలు గాలి కొట్టిస్తుండగా గుర్తొచ్చింది. ఆ రిజిస్టరు ఆయన సొరుగులో ఉండేది. తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళేవారు. ఒకరి తప్పు ఇంకొకరు చూసే వీలుండేది కాదు. ఎడిటరు వచ్చి అడిగినా ఇవ్వలేదని చెప్పుకునేవారు. ఆయన దగ్గర అన్నీ నేర్చుకున్నాననుకున్నాను. తాళం సంగతి నేర్చుకోలేదు.

డైరెక్టరు గారికి ఫోను చేసి గోడ ఆలోచన వద్దని చెప్పాను. ఆ తర్వాత నాకు తెలిసిన పని ఇంకొకటే ఉంది. పత్రికలో తప్పు పోతే సవరణ వేస్తాం. శుక్రవారానికి ఒక చీటీ రాశాను. ఫలానా వారం చదివిన మనవిలో అనవసరమైన వివరాలు ఇచ్చినందుకు మన్నించవలసిందని. పెట్టెలో వేసేముందు నా భార్యకి చూపించాను. ఆ మాత్రం తెలివి అప్పటికి వచ్చింది. తను చదివి, మడిచి, కొబ్బరిపీచుతో పాటు పొయ్యిలో పెట్టేసింది. మర్చిపోయినవాళ్ళకి మళ్ళీ గుర్తుచేస్తారా అంది. సవరణ వేసిన ప్రతిసారీ అవతలివాళ్ళు ఎందుకు సంతోషించేవారు కాదో నాకు అప్పుడు తెలిసింది.

ఆ మూడు వారాలూ సాయంత్రం ఆరున్నరకి నేను అలవాటుగా వరండాలోకి వచ్చేవాణ్ణి. తను లోపల వంటింట్లో తల్లి దగ్గర చదువుకునేది. తలుపు వేసుకునేవారు కాదు. గొంతులు వినిపించేవి, మాటలు వినిపించేవి కావు. నాతో తను మామూలుగానే ఉండేది. కాఫీ తెచ్చిచ్చేది, సైకిలు తాళం ఎక్కడ పెట్టేరని అడిగేది. పరీక్ష రోజు ఇద్దరూ కలిసి వెళ్ళారు. నేను వస్తానంటే, ఎండ కదండీ, మీరెందుకు అన్నారు.

ఫలితాలొచ్చాయి. పోయిన ఏడాది కన్నా ర్యాంకు చాలా మెరుగు. కానీ సీటుకి సరిగ్గా గట్టు మీద ఉంది. ఇటూ కాదు, అటూ కాదు. మొదటి విడత జాబితాలో పేరు రాలేదు. నాతో కూర్చుని పోగొట్టుకున్నవి అరవై గంటలైనా ఉంటాయి. ఆ గంటల్లో ఎన్ని మార్కులున్నాయో, ఆ మార్కుల్లో సీటు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. నా భార్య ఆ మాట ఎత్తలేదు. మా అమ్మాయీ ఎత్తలేదు. వాళ్ళు ఎత్తకపోవడం వల్ల నేను రోజూ లెక్కపెడుతున్నాను.

పరీక్ష పెట్టినవాళ్ళు ప్రతి అభ్యర్థి జవాబుల పత్రమూ బయటపెట్టారు. తను ఏవి తప్పిందో, ఎందుకు తప్పిందో ఆ రెండో పుస్తకం చివరి పేజీల్లో రాసుకుందని నా భార్య ఒకసారి మాటల్లో అంది. ఆ పుస్తకం నేను ఇంతవరకూ చూడలేదు. చూపించమని అడగలేదు. రెండో విడత జాబితా వచ్చే వారం అంటున్నారు. తేదీ ఇంకా చెప్పలేదు.